క్వారీ నుంచి బడిపంతులు చేతికి: ఒక పాత హ్యాండీ రేడియో కేస్ స్టడీ

దేవరకొండ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు ఒకరు నిరుటి చలికాలంలో ఒక హ్యాండీ సెట్‌ను (చేత్తో పట్టుకుని మాట్లాడే రేడియోను) పాత తువ్వాలలో చుట్టుకుని నల్గొండలోని మా ఇంటికి వచ్చారు. హామ్ రేడియో (అభిరుచి కోసం నడిపే రేడియో) లైసెన్స్‌కు రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ పరీక్ష రాసి పాసై, వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్, అంటే గాలిలో తనను గుర్తుపట్టే పేరు, చేతికి వచ్చి అప్పటికి ఆయనకు నెల కూడా నిండలేదు. కొత్త సెట్‌కు అంత డబ్బు పెట్టలేక, హైదరాబాద్‌లో లైసెన్స్ ఉన్న మరో హామ్ దగ్గర వాడిన సెట్‌ను తీసుకున్నారు. ఆయన చెప్పిన బాధ మాత్రం ఒక్క ముక్కలో తేలింది: "సార్, మూడు రోజుల నుంచి పిలుస్తున్న, ఎవరూ పలుకుతలేరు. పచ్చ లైటు వెలుగుతది, సౌండు మాత్రం రాదు."

కొత్తగా లైసెన్స్ తీసుకున్నవారి సెట్లను చూసి, ప్రోగ్రామ్ చేసి ఇవ్వడం నేను ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని. అయితే ఈ ఒక్క సెట్‌లో విడివిడిగా వచ్చే లోపాలు నాలుగు ఒకేచోట కలిసి కనిపించాయి కనుక, అందులో ఒకదాని విషయంలో నా అంచనా కూడా తప్పింది కనుక, జరిగింది జరిగినట్టు వివరంగా రాస్తున్నాను.

సెట్ చైనా తయారీ. రెండు బ్యాండ్లలో పనిచేస్తుంది, 128 మెమరీ ఛానెళ్లు, గరిష్ఠంగా 5 వాట్ల వరకు పవర్, 7.4 వోల్టుల లిథియం బ్యాటరీ. ఇలాంటి సెట్ 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ వరకు, 400 నుంచి 520 వరకు వినగలదు, ఆ మేరకు ప్రసారం కూడా చేయగలదు. మన దేశంలో హామ్‌లకు ఈ రెండు విస్తృతులలో దక్కేది 144 నుంచి 146, 434 నుంచి 438 మెగాహెర్ట్జ్ మాత్రమే. మిగతా చోటంతా ఇతరులకు కేటాయించినదే. సెట్ పంపగలదు కదా అని మనం పంపడానికి వీలులేదు. ఈ తేడాను ఆ ఉపాధ్యాయుడు పరీక్ష కోసం చదివే ఉన్నారు. అయినా సెట్ చేతిలోకి వచ్చాక అది ఎలా కనుమరుగైందో కాసేపట్లో చెప్తాను.

ముందుగా కాగితాలు చూశాను. అమ్మిన వ్యక్తి తన కాల్ సైన్, కొన్న వ్యక్తి కాల్ సైన్, సెట్ వెనుక బ్యాటరీ కింద ఉన్న సీరియల్ నంబరు రాసి సంతకం చేసిన ఉత్తరం ఉంది. పాత సెట్ కొనేవారు ఈ ఉత్తరం లేకుండా ఇంటికి రాకూడదని నేను గట్టిగా చెప్తాను. ఎందుకంటే ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉంచుకోవడానికే లైసెన్స్ ఉండాలి, ఏ సెట్ ఎవరి పేరున ఎవరి దగ్గర నుంచి వచ్చిందో అడిగినప్పుడు చూపించగలగాలి. ఆ ఉత్తరంలోనే ఇంకో పనికొచ్చే మాట దొరికింది. అమ్మిన హామ్ చేతికి రాకముందు ఈ సెట్ ఒక గ్రానైట్ క్వారీలో పనిచేసిందట. తువ్వాల విప్పి చూస్తే ఆ మాట నిజమని వేరే చెప్పనక్కర్లేదు. మాట్లాడటానికి నొక్కే పీటీటీ బటన్ రబ్బరు అంచుల్లో, స్పీకర్ జాలీ కన్నాల్లో, వాల్యూమ్ నాబ్ చుట్టూ బూడిద రంగు రాతి పొడి పేరుకుని ఉంది.

పీటీటీ నొక్కే ముందు

పాత సెట్‌ను ఆన్ చేసిన వెంటనే పీటీటీ నొక్కి చూడాలనిపించడం సహజం. నా దగ్గరికి వచ్చిన ఏ సెట్‌కైనా నేను ముందు యాంటెన్నా తీసి 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ తగిలిస్తాను, ఆ తర్వాతే ఆన్ చేస్తాను. ఆ సెట్ లోపల ఎవరి ఛానెళ్లు ఉన్నాయో తెలియదు కనుక, పొరపాటున చేయి తగిలినా శక్తి లోడ్‌లోనే వేడిగా మారిపోవాలి, గాలిలోకి వెళ్లకూడదు.

ఆన్ చేయగానే తెర మీద ఫ్రీక్వెన్సీ కనిపించలేదు. పై వరుసలో సీహెచ్-004 అని, కింది వరుసలో సీహెచ్-009 అని మాత్రమే ఉంది. క్వారీలో పనివాళ్లకు అంకెలతో పని లేదు, ఛానెల్ నంబరు తెలిస్తే చాలు. అందుకే అలా అమర్చారు. మెనూలో 21, 22 నంబర్ల దగ్గర ఈ ప్రదర్శన తీరును ఫ్రీక్వెన్సీకి మార్చగానే విషయం బయటపడింది. నాలుగో ఛానెల్ హామ్ బ్యాండ్‌లో లేదు. తొమ్మిదోది కూడా లేదు. మూడు రోజులుగా ఆ ఉపాధ్యాయుడు తన కాల్ సైన్ చెప్తూ, నియమం ప్రకారం మొదట్లో, చివర్లో తనను తాను పరిచయం చేసుకుంటూ, ఎవరికో కేటాయించిన ఫ్రీక్వెన్సీలో పిలుస్తూ వచ్చారు. ఆ ఫ్రీక్వెన్సీలను ఇక్కడ రాయను.

ఆయన ముఖం వాడిపోయింది. నేను ఓదార్చే మాటలు ఎక్కువ చెప్పలేదు. లాగ్ పుస్తకం తీయించి, ఏయే తేదీల్లో ఏయే వేళల్లో పిలిచారో గుర్తున్నంత మేరకు రాయించి, పక్కన "పాత మెమరీ ఛానెల్ కారణంగా బ్యాండ్ వెలుపల, తెలియక" అని రాయించాను. లాగ్ అనేది మనకు మంచిగా జరిగిన సంభాషణలు దాచుకునే డైరీ కాదు, స్టేషన్ ఏం చేసిందో చెప్పే రికార్డు.

అప్పుడే ఇంకో మెనూ కూడా చూపించాను. ఏడో నంబరు దగ్గర రెండు ఫ్రీక్వెన్సీలను మార్చి మార్చి వినే సౌకర్యం ఆన్‌లో ఉంది. అది ఆన్‌లో ఉన్నప్పుడు కింది వరుసలో ఏదైనా సంకేతం వస్తే సెట్ కొద్దిసేపు ఆ వరుసకు మారిపోతుంది. సరిగ్గా అప్పుడు పీటీటీ నొక్కితే మనం అనుకున్న చోట కాక కింది వరుస ఫ్రీక్వెన్సీలో ప్రసారం వెళ్తుంది. కొత్తవాళ్ల సెట్లలో నేను ఈ సౌకర్యాన్ని ఎప్పుడూ ఆపేస్తాను. ఆరు నెలలు పోయాక కావాలంటే వాళ్లే ఆన్ చేసుకుంటారు.

పచ్చ దీపం, మూగ స్పీకర్

వినికిడి లోపం తొందరగానే దొరికింది. నా రెండో సెట్‌ను అతి తక్కువ పవర్‌లో పెట్టి, దానికీ డమ్మీ లోడ్ తగిలించి, ఒకే హామ్ ఫ్రీక్వెన్సీలో పిలిచాను. ఆయన సెట్‌లో పచ్చ దీపం వెలిగింది, స్పీకర్ పలకలేదు. పీటీటీ కిందనే ఉన్న మానిటర్ బటన్ నొక్కి పట్టుకోగానే నా గొంతు స్పష్టంగా వినిపించింది. దీన్ని బట్టి రిసీవర్ బాగుంది, స్పీకర్ బాగుంది, మధ్యలో స్క్వెల్చ్, అంటే పనికిరాని శబ్దాన్ని ఆపే తలుపు, తెరుచుకోవడం లేదని అర్థం. పదకొండో మెనూ తెరిచి చూస్తే అక్కడ ఒక టోన్ పెట్టి ఉంది.

ఈ టోన్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. మాటతో పాటు 67 నుంచి 254.1 హెర్ట్జ్ మధ్య ఒక సన్నని స్థిరమైన స్వరాన్ని కలిపి పంపుతారు, అది మామూలుగా చెవికి తెలియదు. వినేవైపు అదే స్వరం అమర్చి ఉంటే, ఆ స్వరం ఉన్న సంకేతం వచ్చినప్పుడు మాత్రమే స్పీకర్ తెరుచుకుంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీని ఇద్దరు ముగ్గురు వాడుకునే చోట ఎదుటివారి గోల వినపడకుండా ఉండటానికి ఇది పనికొస్తుంది. క్వారీలో అందుకే పెట్టుకున్నారు. చాలామంది దీన్ని గోప్యత అనుకుంటారు, అది పొరపాటు. టోన్ పెట్టుకున్నంత మాత్రాన మన మాట ఇతరులకు వినపడకుండా పోదు, మన చెవి మాత్రమే మూసుకుంటుంది. పాత సెట్‌లో దీపం వెలిగి శబ్దం రాకపోతే విప్పదీసే స్క్రూడ్రైవర్ కోసం వెతకక ముందు పది, పదకొండు మెనూలు చూడాలి. ఆఫ్ చేయగానే సెట్ పలికింది.

బావిలోంచి వచ్చిన గొంతు

ప్రసారం వైపు లోపమే నన్ను ఎక్కువ తిప్పింది. డమ్మీ లోడ్ మీద పూర్తి పవర్‌లో పీటీటీ నొక్కగానే తెర మసకబారి, సెట్ ఆరిపోయి, మళ్లీ లేచింది. తక్కువ పవర్‌లో ఆ ఇబ్బంది లేదు. బ్యాటరీ మీద అనుమానం వచ్చి మీటర్ పెట్టాను. ప్రసారం చేయనప్పుడు 7.9 వోల్టులు చూపించింది. ఆ అంకె చూసి బ్యాటరీ బాగుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. 5 వాట్లు పంపేటప్పుడు ఇలాంటి సెట్ ఒకటిన్నర ఆంపియర్ దాకా లాగుతుంది, ఆ బరువు పడ్డప్పుడు ఎంత నిలుస్తుందన్నదే అసలు లెక్క. ముందు బ్యాటరీ మీద, సెట్ మీద ఉన్న రాగి స్పర్శలను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. కొంత మెరుగుపడింది, పూర్తిగా పోలేదు. అప్పుడు నా దగ్గరున్న అదే రకం సెట్ బ్యాటరీ మార్చి పెట్టాను. ఒక్కసారి కూడా ఆరలేదు. అంటే లోపం సెల్స్‌లోనే ఉంది. కొత్త బ్యాటరీ తెప్పించుకోమని చెప్పి, అది వచ్చేదాకా తక్కువ పవర్‌లోనే వాడమన్నాను.

ఇక గొంతు. నా రెండో సెట్‌లో ఆయన మాట బావిలోంచి మాట్లాడినట్టు చిన్నగా, లోతుగా వినిపించింది. ఐదో మెనూలో బ్యాండ్ వెడల్పు నారోలో ఉంది. హామ్‌లు ఇక్కడ ఎక్కువగా 5 కిలోహెర్ట్జ్ డీవియేషన్‌తో (మాటను బట్టి ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే మేర) వైడ్‌లో మాట్లాడతారు, నారోలో ఉన్న సెట్ అందులో సగం అంటే 2.5 కిలోహెర్ట్జ్ మాత్రమే ఊగుతుంది కనుక వైడ్ రిసీవర్‌లో దాని గొంతు చిన్నగా వినిపించడం సహజమే. మెనూ మార్చాను, గొంతు కాస్త పెరిగింది. కారణం దొరికిందని సంతృప్తి పడి ఆ సాయంత్రం సెట్‌ను ఇచ్చి పంపేశాను.

మర్నాడు మా నల్గొండ మిత్రుడొకరు ఆయనతో మాట్లాడి, "మాట అందుతోంది కానీ పెదవుల మీద గుడ్డ కట్టుకున్నట్టుంది" అని చెప్పారు. నేను ఒక లక్షణానికి ఒక కారణం దొరకగానే వెతకడం ఆపేశాను. అక్కడే తప్పు జరిగింది. రెండు కారణాలు ఒకే లక్షణాన్ని చూపించగలవు. సెట్‌ను మళ్లీ తెప్పించి, ఈసారి పక్క జాక్‌లో బయటి స్పీకర్-మైక్ పెట్టి మాట్లాడించాను. గొంతు గంటలా మోగింది. మళ్లీ లోపలి మైక్‌తో మాట్లాడిస్తే బావి. అంటే మాటను తరంగం మీదికి ఎక్కించే మాడ్యులేషన్ భాగానికి ఏ జబ్బూ లేదు, లోపలి మైక్‌కు గాలి అందడం లేదు.

భూతద్దంతో చూస్తే సెట్ ముందు భాగంలో ఆవగింజంత ఉండే మైక్ కన్నం రాతి పొడితో గట్టిగా మూసుకుపోయి ఉంది. పొడి మీద చేతి చెమట పడి, ఎండి, సిమెంటులా పట్టేసింది. సూది నేరుగా లోపలికి పొడిస్తే వెనుక ఉండే మైక్ పొర చిరిగిపోతుంది. అందుకని సూదిని పక్కకు వాల్చి, అంచు నుంచి పొర పొరగా గీకుతూ, సెట్‌ను తలకిందులుగా పట్టుకుని మెత్తని కుంచెతో దులుపుతూ పోయాను. అరగంట పట్టింది. చిటికెడు కూడా లేని బూడిద రంగు పొడి కాగితం మీద రాలింది. సెట్ పైకెత్తి ఒక్కమాట చెప్పగానే రెండో సెట్‌లో గొంతు నిండుగా పలికింది. ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రిసీవర్)తో కంప్యూటర్ తెర మీద రెండు సెట్ల సంకేతాలను పక్కపక్కన పెట్టి చూస్తే వెడల్పు కూడా దాదాపు సమానంగా ఉంది.

ప్రోగ్రామింగ్

పాత ఛానెళ్లను ఒక్కొక్కటిగా 28వ మెనూతో తీసేయవచ్చు, 40వ మెనూలో పూర్తి రీసెట్ చేసి ఒకేసారి తుడిచేయవచ్చు. రెండింటికంటే ముందు చేయాల్సింది సెట్‌లో ఉన్నదాన్ని ఉన్నట్టు చదివి దాచుకోవడం. దీనికి నేను చర్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడతాను. ఉపాధ్యాయుడు సెట్‌తో పాటు వచ్చిన యూఎస్‌బీ కేబుల్ తెచ్చారు. ఆయన విండోస్ ల్యాప్‌టాప్‌లో అది గుర్తించబడింది కానీ కోడ్ 10 అనే లోపం చూపించి ఆగిపోయింది. కేబుల్ లోపలి చిప్ అసలుది కానప్పుడు కొత్త డ్రైవర్ దాన్ని తిరస్కరిస్తే ఇలా జరుగుతుంది. నా లైనక్స్ కంప్యూటర్‌లో అదే కేబుల్ డ్రైవర్ ఏదీ వేయకుండానే పనిచేసింది. అయినా మొదటి ప్రయత్నంలో సెట్ స్పందించలేదన్న సందేశమే వచ్చింది. రెండు పిన్నుల ప్లగ్ పూర్తిగా లోపలికి దిగకపోవడమే కారణం. టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కి, వాల్యూమ్ పెంచి మళ్లీ చదివిస్తే మెమరీ మొత్తం తెర మీదికి వచ్చింది. మూడో నంబరు మీట నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే కనిపించే ఫర్మ్‌వేర్ వెర్షన్‌ను కాగితం మీద రాసుకుని, చదివిన మెమరీ మొత్తం ఉన్న ఇమేజ్ ఫైల్‌ను తేదీతో భద్రపరిచాను. ఇంకొకరి సెట్ నుంచి తీసిన ఇమేజ్‌ను, ఎంత మంచి ఛానెళ్లున్నా, నేరుగా ఎక్కించకూడదు. వెర్షన్లు కలవకపోతే సెట్ అంతర్గత అమరికలు చెడిపోయే ప్రమాదం ఉంది. ఛానెళ్లను మాత్రమే కాపీ చేసి మన సెట్ ఫైల్‌లో అతికించుకోవాలి.

క్వారీ ఛానెళ్లన్నీ తీసేశాక, ప్రసార హద్దులను చర్ప్ అమరికల్లో 2 మీటర్ల (144–146), 70 సెంటీమీటర్ల (434–438) హామ్ బ్యాండ్లకు కుదించాను. ఈ హద్దులను పూర్తి మెగాహెర్ట్జ్‌లలోనే ఇవ్వాలి కనుక బ్యాండ్ అంచుల దగ్గర మనిషి జాగ్రత్త తప్పదు. మొదటి ఛానెల్‌గా 145.500 పెట్టాను, ఎవరినైనా ముందుగా పిలిచేది అక్కడే. రిపీటర్ (మన సంకేతాన్ని అందుకుని మళ్లీ ప్రసారం చేసే స్టేషన్) ఛానెళ్లకు 600 కిలోహెర్ట్జ్ షిఫ్ట్ (వినే, పంపే ఫ్రీక్వెన్సీల తేడా), దాని దిశ, పంపే టోన్ మూడూ సరిచూశాను. ఇందులో ఏ ఒక్కటి తప్పినా రిపీటర్ పలకదు. పంపే టోన్ 13వ మెనూలో, వినే టోన్ 11వ మెనూలో ఉంటాయి. కొత్తవాళ్లు రెండూ పెట్టేసి, వినపడడం లేదని మళ్లీ వస్తారు. పంపే టోన్ ఒక్కటి చాలు. కంప్యూటర్ లేని చోట మీటలతోనే రిపీటర్‌ను దాచుకోవాలంటే ఒక మెలిక ఉంది. వినే ఫ్రీక్వెన్సీని 27వ మెనూలో ఒక ఛానెల్‌లో దాచాక, పంపే ఫ్రీక్వెన్సీని కూడా తెర మీదికి తెచ్చి అదే ఛానెల్ నంబరులో రెండోసారి దాచాలి. ఈ రెండో అడుగు మరచిపోతే ఛానెల్ వింటుంది కానీ రిపీటర్‌ను లేపదు.

ఉపాధ్యాయుడి కోరిక మీద అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఛానెళ్లు కూడా వేశాను. అక్కడి నుంచి మాట 145.800లో, రిపీటర్ సంకేతం 437.800లో కిందికి వస్తాయి. కేంద్రం మన వైపు దూసుకొచ్చేటప్పుడు, దూరమయ్యేటప్పుడు డాప్లర్ ప్రభావం (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ మారడం) వల్ల 437.800 దగ్గర దాదాపు 10 కిలోహెర్ట్జ్ అటూ ఇటూ జరుగుతుంది. అందుకని 437.810 నుంచి 437.790 వరకు 5 కిలోహెర్ట్జ్ తేడాతో ఐదు ఛానెళ్లు వరుసగా పెట్టాను. కేంద్రం పైకి వచ్చేటప్పుడు మొదటిదానిలో మొదలుపెట్టి, ఒక్కొక్కటిగా కిందికి దిగుతూ వినాలి. తొమ్మిదో తరగతి పిల్లలకు డాప్లర్ ప్రభావాన్ని నల్లబల్ల మీద గీసి చెప్పడం కంటే, వినపడుతున్న గొంతు గరగరలాడి, ఛానెల్ మార్చగానే మళ్లీ తేరుకోవడం చూపిస్తే ఎంత తేడా ఉంటుందో ఆయన అప్పుడే ఊహించుకుని ఉప్పొంగిపోయారు. ఈ ఆరు ఛానెళ్లలోనూ చర్ప్ డూప్లెక్స్ గడిలో ఆఫ్ అని పెట్టాను. అలా పెడితే పీటీటీ నొక్కినా ప్రసారం వెళ్లదు.

పానగల్లు కట్ట, దేవరకొండ కోట

కొత్త బ్యాటరీ వచ్చాక మొదటి పరీక్షకు ఆయన పానగల్లు దగ్గర ఉదయసముద్రం కట్ట మీదికి వెళ్లారు, నేను మా డాబా మీద ఉన్నాను. సెట్‌తో వచ్చిన రబ్బరు యాంటెన్నాతో ఆయన మాట అందింది కానీ గరగర ఎక్కువ. అప్పుడు ముందే తయారు చేసి ఇచ్చిన తోక తీగను తగిలించమన్నాను. 145 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవులో నాలుగో వంతు దాదాపు 52 సెంటీమీటర్లు, తీగ విషయంలో కాస్త తగ్గించి 49 దగ్గర కత్తిరిస్తాం. మామూలు ఇంటి వైరింగ్ తీగ ముక్క ఒక కొసను ఉంగరంలా చుట్టి, యాంటెన్నా మొదట్లో సెట్ లోహపు అంచుకు తాకేలా బిగించి, మిగతాది కిందికి వేలాడనిస్తే చాలు. చిన్న సెట్‌కు సరైన నేల ఆధారం ఉండదు. ఈ తీగ ఆ లోటు తీరుస్తుంది. తగిలించగానే గరగర దాదాపు పోయింది. ఖర్చు ఐదు రూపాయలు కూడా కాదు.

రెండో పరీక్ష దేవరకొండ కోట మీద. నల్గొండ నుంచి గాలిలో గీత గీస్తే 50 కిలోమీటర్లకు పైనే దూరం. కొండ కింద నుంచి పిలిచినప్పుడు నాకు చప్పుడు కూడా రాలేదు. ఇది సెట్ తప్పు కాదని ముందే చెప్పి ఉంచాను. ఈ బ్యాండ్లలో తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే వెళ్తాయి. రెండు యాంటెన్నాల ఎత్తులను మీటర్లలో తీసుకుని, వాటి వర్గమూలాలను కూడి 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో హద్దు వస్తుంది. ఇద్దరూ నేల మీద నిలబడి చేతిలో సెట్ పట్టుకుంటే అది 10 కిలోమీటర్లు, మధ్యలో ఇళ్లు, గుట్టలు ఉంటే ఇంకా తక్కువ. ఒకరు 150 మీటర్ల ఎత్తున, ఇంకొకరు 10 మీటర్ల ఎత్తున ఉంటే 63 దాకా పోతుంది. ఆయన మెట్లెక్కి పై బురుజు చేరి, తోక తీగ సరిచేసుకుని, 145.500లో పిలిచారు. మా డాబా మీది రాగి గొట్టాల జే-పోల్ యాంటెన్నాలో ఆయన గొంతు సన్నటి గరగర వెనుక నుంచి స్పష్టంగా, కాల్ సైన్ ఒక్కో అక్షరమూ విడిగా వినిపించింది. నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నాం. లాగ్‌లో సమయం, ఫ్రీక్వెన్సీ, పవర్, సంకేత బలం ఇద్దరం రాసుకున్నాం.

సెట్ ఇప్పుడు ఆయన బడిలోని సైన్స్ గదిలో తాళం వేసిన బీరువాలో ఉంటుంది. దాని మెమరీ పట్టికను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపు లోపలి వైపు అంటించారు. ప్రతి ఛానెల్ పక్కన ఫ్రీక్వెన్సీ, టోన్, "వినడానికి మాత్రమే" అన్న గుర్తు ఉన్నాయి. 70 సెంటీమీటర్ల వైపు ప్రసారాన్ని మాత్రం ఇంకా గాలిలో పరీక్షించలేదు. దేవరకొండకు దగ్గర్లో ఆ బ్యాండ్‌లో బదులిచ్చే వారు దొరికినప్పుడు అది కూడా చూడాలి. అప్పటిదాకా ఆ వైపు సెట్ డమ్మీ లోడ్ మీద చూపించిన పవర్ అంకె ఒక్కటే మా దగ్గరున్న రుజువు.